పట్టపగలు వీధి దీపాలు ఎందుకు వెలుగుతుంటాయి? 9 వోల్టుల బ్యాటరీతో ఇంట్లోనే తెలుసుకోండి

ఉదయం 11 గంటలు. ఎండ చుర్రుమంటోంది. వీధి చివర స్తంభానికి ఉన్న ఎల్‌ఈడీ దీపం మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. దారిన పోయేవారిలో ఒకరు ఫోన్ తీసి ఫొటో కొడతారు. సాయంత్రానికి అది ‘ప్రజాధనం వృథా’ అన్న వ్యాఖ్యతో ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. పంచాయతీ కార్యదర్శిని తిడుతూ నాలుగు మెసేజ్‌లు, లైన్‌మన్‌ను తిడుతూ మరో నాలుగు. మర్నాడు 11 గంటలకు చూస్తే దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఎవరో స్విచ్ ఆపడం మర్చిపోయారన్నది అందరికీ వచ్చే మొదటి ఆలోచన. కొన్నిచోట్ల అది నిజమే. కానీ చాలా దీపాలకు ఇప్పుడు స్విచ్ వేసే మనిషే లేడు. చీకటి పడిందో లేదో తేల్చేది ఒక చిన్న సెన్సర్ లేదా ఒక గడియారం. అది పొరబడితే దీపం పగలు కూడా వెలుగుతుంది. అంతేకాదు, సెన్సర్ పాడైతే దీపం ఆరిపోకుండా వెలుగుతూనే ఉండేలా కొన్నింటిని కావాలనే తయారు చేస్తారు.

ఇది మాటల్లో వింటే నమ్మబుద్ధి కాదు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవారు మొదటి వారంలోనే చేసే ఒక చిన్న ప్రయోగంతో దీన్ని కళ్లారా చూడొచ్చు. ఒక లైట్ సెన్సర్, ఒక ఎల్‌ఈడీ, ఒక ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు, ఒక బ్యాటరీ ఉంటే చాలు. ఇంట్లో హైస్కూల్ చదివే పిల్లలుంటే వాళ్లతో కలిసి చేయండి. చేశాక మీ వీధి దీపం గురించి ఎవరికి, ఏమని ఫిర్యాదు చేయాలో కూడా స్పష్టంగా తెలుస్తుంది.

చీకటి పడిందని దీపానికి ఎలా తెలుస్తుంది?

వీధి దీపాలను వెలిగించి ఆర్పడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది మనిషి. సాయంత్రం ఒకరు వచ్చి స్విచ్ వేస్తారు, పొద్దున్నే ఆపుతారు. చిన్న పంచాయతీల్లో ఇప్పటికీ ఈ పద్ధతి కనిపిస్తుంది. ఇందులో ఇంకో చిక్కు ఉంది. వీధి దీపాలకు ప్రత్యేకంగా ఒక తీగ, దానికో స్విచ్ ఉంటేనే వాటిని విడిగా ఆపగలరు. ఇళ్లకు కరెంటు ఇచ్చే తీగ నుంచే దీపానికి కూడా కలిపేస్తే ఆపే మార్గం ఉండదు. కరెంటు ఉన్నంతసేపూ అది వెలుగుతూనే ఉంటుంది.

రెండోది గడియారం, అంటే టైమర్. సాయంత్రం ఫలానా సమయానికి వెలిగించు, ఉదయం ఫలానా సమయానికి ఆర్పేయి అని అందులో పెడతారు. అయితే సూర్యుడు రోజూ ఒకే వేళకు అస్తమించడు. హైదరాబాద్‌లో డిసెంబర్ మొదట్లో సూర్యాస్తమయం సాయంత్రం 5.40 ప్రాంతంలో అయితే, జులై మొదట్లో 6.55 ప్రాంతంలో అవుతుంది. విశాఖపట్నంలో సూర్యుడు హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాలు ముందే ఉదయిస్తాడు, సుమారుగా అంతే ముందు అస్తమిస్తాడు. అందుకే ఇప్పుడు వాడే మెరుగైన టైమర్లు ఊరి అక్షాంశ రేఖాంశాలు, తేదీని బట్టి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను తామే లెక్క వేసుకుంటాయి. పంచాంగం చూసి దీపం పెట్టినట్టన్నమాట.

మూడోది లైట్ సెన్సర్. ఇది తేదీ, సమయం పట్టించుకోదు. తన మీద పడే వెలుతురును మాత్రమే చూస్తుంది. కారుమబ్బు కమ్మి మధ్యాహ్నమే చీకటైతే అప్పుడే దీపం వెలిగిస్తుంది. మన ప్రయోగం దీని గురించే.

నగరాల్లో వీటికి తోడు కేంద్రీకృత నియంత్రణ వ్యవస్థ కూడా ఉంటుంది. కొన్ని పదుల దీపాలకు కలిపి వీధిలో ఒక ప్యానెల్ బాక్స్ పెడతారు. దానిలో మొబైల్ సిమ్ లాంటిది ఉంటుంది. ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, కరెంటు ఎంత వాడుతున్నాయి అన్న సమాచారం దాని ద్వారా కంట్రోల్ రూమ్‌కు చేరుతుంది. అక్కడి నుంచే వరుస మొత్తాన్ని వెలిగించవచ్చు, ఆర్పవచ్చు.

వీధుల్లోకి ఎల్‌ఈడీలు ఎప్పుడొచ్చాయి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని దెబ్బతీసింది. ఆ తర్వాత నగరంలో పాత దీపాల స్థానంలో 90 వేలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు బిగించారు. కేంద్ర ప్రభుత్వ సంస్థల భాగస్వామ్యంతో ఏర్పడిన ఈఈఎస్ఎల్ ఈ పని చేసింది. 2015 జనవరి 5న కేంద్రం వీధి దీపాల జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దీని కింద దేశవ్యాప్తంగా కోటీ 30 లక్షలకు పైగా ఎల్‌ఈడీ వీధి దీపాలు వచ్చాయి.

పసుపు రంగు సోడియం దీపాలతో పోలిస్తే వీటికి కరెంటు సగం చాలు. కానీ ఆ ఆదా దక్కాలంటే దీపం రాత్రి మాత్రమే వెలగాలి. సగం కరెంటుతో పనిచేసే దీపం రెట్టింపు గంటలు వెలిగితే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

ఎల్‌డీఆర్ అంటే ఏమిటి?

ప్రయోగంలో మనం వాడే సెన్సర్ పేరు ఎల్‌డీఆర్. కందిబద్దంత ఉంటుంది. పైన ముగ్గు వేసినట్టు మెలికలు తిరిగిన గీత, కింద రెండు కాళ్లు. ఆ గీత చుట్టూ ఉండే పదార్థం సాధారణంగా క్యాడ్మియం సల్ఫైడ్. వెలుతురు పడితే అందులోంచి కరెంటు సులువుగా పోతుంది. చీకట్లో పోవడం కష్టమవుతుంది. అంటే వెలుతురును బట్టి దాని నిరోధం మారుతుంది.

ఎంత మారుతుంది? మామూలుగా దొరికే ఎల్‌డీఆర్‌ను ఎండలో పెడితే కొన్ని వందల ఓమ్‌లు, గదిలో లైటు కింద కొన్ని వేల ఓమ్‌లు, పూర్తి చీకట్లో పది లక్షల ఓమ్‌ల దాకా చూపిస్తుంది. మల్టీమీటర్ ఉంటే మీరే కొలవొచ్చు. ఎల్‌డీఆర్ రెండు కాళ్లకు మీటర్ తగిలించి పైన అరచెయ్యి అడ్డం పెట్టండి. అంకెలు ఎగబాకుతాయి.

ఈ గుణం మొదట బయటపడింది 1873లో. విల్లబీ స్మిత్ అనే బ్రిటిష్ ఇంజినీర్ సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగలను పరీక్షించడానికి సెలీనియం కడ్డీలు వాడేవారు. వాటి నిరోధం ఒక్కోసారి ఒక్కోలా వస్తుండటంతో కారణం వెతికితే, వాటిపై పడే వెలుతురని తేలింది.

ప్రయోగానికి ఏమేం కావాలి?

• ఎల్‌డీఆర్ – 1
• ఎరుపు రంగు ఎల్‌ఈడీ – 1
• బీసీ547 ట్రాన్సిస్టర్ – 1
• 470 ఓమ్ రెసిస్టర్ – 1 (పట్టీల రంగులు: పసుపు, ఊదా, గోధుమ)
• 100 కిలో ఓమ్ రెసిస్టర్ – 1 (గోధుమ, నలుపు, పసుపు)
• 220 కిలో ఓమ్ రెసిస్టర్ – 1 (ఎరుపు, ఎరుపు, పసుపు); ఇది అవసరమైతే వాడటానికి
• 9 వోల్టుల బ్యాటరీ, దానికి తగిలించే క్లిప్పు
• బ్రెడ్‌బోర్డు, కొన్ని తీగ ముక్కలు

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి. మిగతా ఊళ్లలో టీవీ, రేడియో విడిభాగాలు అమ్మే దుకాణాల్లో అడగండి. ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి. ఎల్‌డీఆర్, ట్రాన్సిస్టర్, ఎల్‌ఈడీ, రెసిస్టర్లు ఒక్కోటి కొద్ది రూపాయలే. ఎక్కువ ఖర్చు బ్యాటరీకి, బ్రెడ్‌బోర్డుకే అవుతుంది.

ఎలా కలపాలి?

1. ట్రాన్సిస్టర్ చదునైన ముఖం మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమ కాలు కలెక్టర్, మధ్యది బేస్, కుడిది ఎమిటర్. మూడు కాళ్లను బ్రెడ్‌బోర్డులో మూడు వేర్వేరు వరుసల్లో గుచ్చండి.

2. ఎమిటర్‌ను బ్యాటరీ మైనస్‌కు కలపండి.

3. ఎల్‌ఈడీకి ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి. పొట్టి కాలును కలెక్టర్‌కు కలపండి. పొడుగు కాలు నుంచి 470 ఓమ్ రెసిస్టర్ ద్వారా బ్యాటరీ ప్లస్‌కు కలపండి.

4. 100 కిలో ఓమ్ రెసిస్టర్ ఒక కొసను ప్లస్‌కు, మరో కొసను బేస్‌కు కలపండి.

5. ఎల్‌డీఆర్ ఒక కాలును బేస్‌కు, మరో కాలును మైనస్‌కు కలపండి. దీనికి ప్లస్, మైనస్ తేడా లేదు. ఎటు పెట్టినా ఫర్వాలేదు.

అన్నీ ఒకసారి సరిచూసుకుని చివర్లో బ్యాటరీ తగిలించండి. కిటికీ దగ్గర వెలుతురులో ఎల్‌ఈడీ ఆరిపోయి ఉండాలి. ఎల్‌డీఆర్ మీద పెన్ను మూత బోర్లించండి. ఎల్‌ఈడీ వెలుగుతుంది.

ఎక్కువ వెలుతురు లేని గదిలో మూత తీసినా ఎల్‌ఈడీ కొద్దిగా వెలుగుతుండొచ్చు. అలాంటప్పుడు 100 కిలో ఓమ్ తీసి 220 కిలో ఓమ్ పెట్టండి. ఇంకాస్త చీకటి పడితే గానీ వెలగదు. వీధి దీపం సాయంత్రం 6 గంటలకు వెలగాలా, 6.15కు వెలగాలా అన్నది సెన్సర్‌లో సర్దేది కూడా ఇలాగే.

ఎల్‌ఈడీ అసలు వెలగకపోతే ముందు దాని కాళ్లు తిప్పి పెట్టి చూడండి. తర్వాత ట్రాన్సిస్టర్ కాళ్లు చూడండి. వెలుతురులో వెలిగి చీకట్లో ఆరిపోతుంటే ఎల్‌డీఆర్, 100 కిలో ఓమ్ రెసిస్టర్ తారుమారయ్యాయని అర్థం. వెంటనే బ్యాటరీ తీసి మార్చండి. అలాగే ఎండలో ఉంచితే విడిభాగాలు పాడయ్యే ప్రమాదం ఉంది.

లోపల ఏం జరుగుతోంది?

ఒక చిన్న నీళ్ల తొట్టిని ఊహించుకోండి. పైనుంచి సన్నటి పైపు ద్వారా నీళ్లు వస్తుంటాయి. అది 100 కిలో ఓమ్ రెసిస్టర్. అడుగున నీళ్లు బయటకు పోయే తూము ఉంటుంది. అది ఎల్‌డీఆర్. వెలుతురు పడితే తూము బారుగా తెరుచుకుంటుంది, వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతాయి. తొట్టిలో మట్టం పెరగదు. చీకటి పడితే తూము మూసుకుంటుంది. మట్టం పెరుగుతుంది. ఒక గీత దాటగానే పక్కనున్న పెద్ద తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపే ట్రాన్సిస్టర్. అది తెరుచుకుంటే ఎల్‌ఈడీలోంచి కరెంటు పారుతుంది.

ఆ గీత ఎక్కడుందంటే దాదాపు 0.6 వోల్టుల దగ్గర. బేస్ దగ్గర అంత వోల్టేజీ ఉంటేనే ఈ ట్రాన్సిస్టర్ పని మొదలుపెడుతుంది. లెక్క చూద్దాం. ఎండ పొడలో ఎల్‌డీఆర్ నిరోధం 1 కిలో ఓమ్ అనుకుంటే, 9 వోల్టుల్లో బేస్ దగ్గరికి వచ్చేది 101లో ఒక వంతు, అంటే 0.1 వోల్టు కూడా ఉండదు. తలుపు మూసే ఉంటుంది. ఎల్‌డీఆర్ నిరోధం పెరుగుతూ 7 కిలో ఓమ్‌లు దాటగానే బేస్ వోల్టేజీ 0.6కు చేరుతుంది. అక్కడి నుంచి ఎల్‌ఈడీ వెలగడం మొదలవుతుంది. పదో తరగతిలో చదివిన ఓమ్ నియమం ఇక్కడ ప్రాణంతో కనిపిస్తుంది.

470 ఓమ్ రెసిస్టర్ ఎందుకు? ఎరుపు ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు చాలు. మిగతా 7 వోల్టులను ఆ రెసిస్టర్ భరిస్తుంది. 7ను 470తో భాగిస్తే దాదాపు 15 మిల్లీ ఆంపియర్లు. చిన్న ఎల్‌ఈడీ ఆ కరెంటును హాయిగా తట్టుకుంటుంది. రెసిస్టర్ లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే క్షణాల్లో మాడిపోతుంది.

ఇప్పుడు కావాలని పాడుచేసి చూద్దాం

సర్క్యూట్ పనిచేస్తోంది కదా అని ఇక్కడితో ఆపేస్తే సగమే నేర్చుకున్నట్టు. వీధి దీపం ఎందుకు మొరాయిస్తుందో తెలియాలంటే దీన్ని నాలుగు రకాలుగా చెడగొట్టి చూడాలి.

ఒకటి: ఎల్‌డీఆర్ ఒక కాలు ఊడదీయండి. కిటికీ దగ్గర ఎంత ఎండ ఉన్నా ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది. తూమే లేదు కాబట్టి తొట్టి ఎప్పుడూ నిండే ఉంటుంది. సెన్సర్ తెగిపోతే సర్క్యూట్‌కు అది శాశ్వతమైన రాత్రి.

రెండు: ఎల్‌డీఆర్‌ను మళ్లీ పెట్టి, దానిపై మట్టి రాసిన ప్లాస్టిక్ ముక్క కప్పండి. పగలే ఎల్‌ఈడీ మసకగానో, పూర్తిగానో వెలగడం చూస్తారు. స్తంభం మీద సెన్సర్ మూతపై దుమ్ము, పక్షుల రెట్టలు పేరుకున్నప్పుడు, చెట్టు కొమ్మ అడ్డం పెరిగినప్పుడు జరిగేది ఇదే.

మూడు: ఎల్‌డీఆర్ రెండు కాళ్లను ఒక తీగ ముక్కతో కలిపేయండి. ఇప్పుడు గది తలుపులన్నీ మూసి ఎంత చీకటి చేసినా ఎల్‌ఈడీ వెలగదు. సెన్సర్ లోపలికి వాన నీరు చేరి కాళ్లు కలిసిపోతే రాత్రి కూడా దీపం వెలగకపోవడానికి కారణమిదే కావచ్చు.

నాలుగు: తీగ తీసేసి, ఎల్‌ఈడీని వంచి సరిగ్గా ఎల్‌డీఆర్ మీద వెలుగు పడేలా పెట్టి గదిని చీకటి చేయండి. ఎల్‌ఈడీ పూర్తి కాంతితో వెలగకుండా మసకగా ఉండిపోతుంది. తన వెలుగును తానే చూసి పగలనుకుంటుంది, ఆరబోతుంది, అంతలో చీకటని మళ్లీ వెలగబోతుంది. చివరికి మధ్యలో స్థిరపడుతుంది. వీధి దీపాల్లో అయితే మసకగా ఉండే వీలు లేదు, వెలగడమో ఆరడమో ఒకటే. కాబట్టి ఆ దీపం కొద్ది నిమిషాలకోసారి వెలుగుతూ ఆరుతూ రాత్రంతా గడుపుతుంది. కొత్తగా కట్టిన ఇంటి గోడ మీదో, కొత్తగా పెట్టిన హోర్డింగ్ మీదో పడిన వెలుగు తిరిగి సెన్సర్‌ను తాకినా ఇలాగే జరుగుతుంది.

స్తంభం మీద ఉన్నది ఇదేనా?

సూత్రం ఇదే. కాకపోతే మరికొన్ని జాగ్రత్తలు తీసుకుంటారు.

మన సర్క్యూట్ మీద చెయ్యి అడ్డం పెడితే క్షణంలో ఎల్‌ఈడీ వెలుగుతుంది. వీధిలో అలా ఉంటే మబ్బు తునక అడ్డం వచ్చిన ప్రతిసారీ దీపం వెలగాలి, మెరుపు మెరిసినప్పుడల్లా ఆరిపోవాలి. అందుకే వీధి సెన్సర్లలో కొంత ఆలస్యం పెడతారు. చీకటి కొన్ని సెకన్లో, నిమిషమో నిలకడగా ఉంటేనే వెలిగిస్తుంది. లారీ హెడ్‌లైట్ ఒకసారి పడినంత మాత్రాన ఆరిపోదు.

రెండో జాగ్రత్త, వెలిగే గీత వేరు, ఆరే గీత వేరుగా పెట్టడం. సాయంత్రం ఎంత చీకటికి వెలిగిందో, ఉదయం అంతకంటే బాగా తెల్లారితే గానీ ఆరదు. సంజవేళ మిణుకుమిణుకుమనకుండా ఇది కాపాడుతుంది.

మూడోది ముఖ్యమైనది. సెన్సర్ పాడైతే దీపం ఆరిపోవాలా, వెలుగుతూనే ఉండాలా? తయారీదారులు చాలా వరకు రెండోదాన్నే ఎంచుకుంటారు. పగలు వృథాగా వెలిగితే పోయేది కరెంటు. రాత్రి వెలగకపోతే గుంతలో బండి పడొచ్చు, ఆడవాళ్లు ఆ దారిలో రావడానికి భయపడొచ్చు, పాము కనిపించకపోవచ్చు. పైగా పగలు వెలిగే దీపం తన జబ్బును తానే నలుగురికీ చాటుకుంటుంది. కాబట్టి పట్టపగలు వెలుగుతున్న దీపం ఒక విధంగా ‘నా సెన్సర్ పోయింది, మార్చండి’ అని చెబుతున్నట్టే. ఆ మాట వినేవాళ్లు లేకపోవడమే అసలు సమస్య.

ఒక్క దీపమా, వరుసంతానా?

ఫిర్యాదు చేసే ముందు ఒక్క నిమిషం నిలబడి వీధి పొడవునా చూడండి. లోపం ఎక్కడుందో చాలా వరకు తెలిసిపోతుంది.

• ఒక్క దీపమే పగలు వెలుగుతుంటే: ఆ దీపానికి సొంత సెన్సర్ ఉండి అది పాడై ఉండొచ్చు, దానికి మట్టి లేదా కొమ్మ అడ్డం ఉండొచ్చు. లేదా దీపాన్ని వీధి దీపాల తీగకు కాకుండా వేరే తీగకు కలిపి ఉండొచ్చు.

• వరుస మొత్తం వెలుగుతుంటే: లోపం స్తంభాల మీద కాదు, ఆ వరుసను నడిపే ప్యానెల్ బాక్స్‌లో ఉంటుంది. టైమర్ సమయం తప్పి ఉండొచ్చు, అందులోని పెద్ద స్విచ్ లాంటి కాంటాక్టర్ అతుక్కుపోయి ఉండొచ్చు, స్విచ్ ఆపకపోయి ఉండొచ్చు. ఒక్కోసారి మరమ్మతు కోసం పగలు వేసి చూస్తుంటారు. గంట రెండు గంటల తర్వాత కూడా వెలుగుతుంటే ఫిర్యాదు చేయండి.

• రాత్రి ఒక్క దీపమే వెలగకపోతే: దీపమో, దాని డ్రైవర్ సర్క్యూటో, సెన్సరో పోయింది.

• రాత్రి వరుసంతా చీకటైతే: ఇళ్లలో కరెంటు ఉందో లేదో చూడండి. ఉంటే లోపం ప్యానెల్ బాక్స్‌లో, లేదా వీధి దీపాల తీగలో ఉంటుంది.

• రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉంటే: దాని వెలుగే సెన్సర్‌పై పడుతుండొచ్చు, లేదా డ్రైవర్ సర్క్యూట్ చెడిపోయి ఉండొచ్చు.

సోలార్ దీపాల సంగతేమిటి?

చాలా సోలార్ వీధి దీపాల్లో విడిగా ఎల్‌డీఆర్ ఉండదు. సోలార్ ప్యానెలే సెన్సర్. ప్యానెల్ నుంచి వోల్టేజీ వస్తుంటే పగలు, పడిపోతే రాత్రి.

దీన్ని కూడా ఇంట్లో చూడొచ్చు. సర్క్యూట్‌లోంచి ఎల్‌ఈడీని తీసి, రెండు కాళ్లను మల్టీమీటర్‌కు తగిలించి డీసీ వోల్టేజీ మీద పెట్టండి. ఎల్‌ఈడీని ఎండకు చూపించండి. మీటర్‌లో వోల్టు, ఒకటిన్నర వోల్టు దాకా కనిపిస్తుంది. వెలుగునిచ్చే ఎల్‌ఈడీయే వెలుగు పడితే కొద్దిపాటి విద్యుత్ పుట్టిస్తుంది. సోలార్ ప్యానెల్ చేసే పని కూడా ఇదే, పెద్ద ఎత్తున.

అందుకే ప్యానెల్ మీద దుమ్ము పేరుకుంటే రెండు నష్టాలు: బ్యాటరీ సరిగా నిండదు, దీపం సాయంత్రం తొందరగా వెలిగి అర్ధరాత్రికే ఆరిపోతుంది. చెట్టు నీడలో సోలార్ దీపం పెడితే ఎందుకు పనిచేయదో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇలాంటి దీపాలకు తరచూ కావాల్సింది మరమ్మతు కాదు, ప్యానెల్‌ను తుడవడం.

పగలు వెలిగితే ఖర్చెంత?

40 వాట్ల దీపం ఒకటి పగలు 12 గంటలు వెలిగితే దాదాపు అర యూనిట్, కచ్చితంగా చెప్పాలంటే 0.48 యూనిట్ ఖర్చవుతుంది. నెలకు 14.4 యూనిట్లు. ఊరిలో అలాంటివి 100 ఉంటే నెలకు 1,440 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే నెలకు రూ.10 వేలు దాటుతుంది. చిన్న పంచాయతీకి ఇది చిన్న మొత్తం కాదు. మురుగు కాల్వల పూడికకో, తాగునీటి మోటార్ మరమ్మతుకో వెళ్లాల్సిన డబ్బు అది.

కరెంటు ఒక్కటే కాదు. దీపం జీవితకాలం 50 వేల గంటలనుకుందాం. రోజుకు 12 గంటల చొప్పున వెలిగితే 11 ఏళ్లకు పైగా వస్తుంది. రాత్రీ పగలూ వెలిగితే ఆరేళ్లలోపే ముగుస్తుంది. మన వేసవి మధ్యాహ్నాల వేడిలో వెలిగితే డ్రైవర్ సర్క్యూట్ ఇంకా ముందే పోవచ్చు.

ఎవరి బాధ్యత? ఎవరికి చెప్పాలి?

రాజ్యాంగం 12వ షెడ్యూల్ వీధి దీపాలను పట్టణ స్థానిక సంస్థల పనుల్లో చేర్చింది. గ్రామాల్లో వీధి దీపాల ఏర్పాటు, నిర్వహణ పంచాయతీ విధి. సాధారణంగా స్తంభం, తీగ విద్యుత్ పంపిణీ సంస్థవి. దానికి బిగించిన దీపం పంచాయతీది, లేదా మున్సిపాలిటీది. ఫిర్యాదు ఒకరి దగ్గరి నుంచి మరొకరి దగ్గరికి తిరిగేది ఈ విభజన వల్లే. ‘మాది కాదు, వాళ్లది’ అన్న సమాధానం రాకుండా ఉండాలంటే లోపం ఎక్కడో చెప్పగలగాలి.

గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శికి చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయ ఎనర్జీ అసిస్టెంట్‌కు కూడా చెప్పొచ్చు. పట్టణాల్లో మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ హెల్ప్‌లైన్, యాప్ వాడండి. తీగలు తెగినా, స్తంభానికి షాక్ కొడుతున్నా, నిప్పురవ్వలు వస్తున్నా అది విద్యుత్ సంస్థ పని. 1912కు ఫోన్ చేయండి.

ఫిర్యాదులో ఈ నాలుగు విషయాలు ఉండాలి: స్తంభం మీద ఉన్న నంబర్, లేకపోతే గుర్తుగా దగ్గరి ఇల్లు లేదా దుకాణం, ఒక్క దీపమా, వరుసంతానా, ఎప్పటి నుంచి, ఏ వేళల్లో. ఉదాహరణకు ఇలా రాయొచ్చు: ‘రామాలయం ఎదుట స్తంభం మీది దీపం ఐదు రోజులుగా పగలు కూడా వెలుగుతోంది. వీధిలో మిగతావన్నీ ఉదయమే ఆరిపోతున్నాయి. ఈ దీపం సెన్సర్, తీగ కనెక్షన్ చూడగలరు.’ ‘లైట్లు వెలుగుతున్నాయి, పట్టించుకునేవారు లేరు’ అన్న ఫిర్యాదు కంటే దీంతో వచ్చే మనిషి ఏ సామాను తెచ్చుకోవాలో ముందే తెలుసుకుంటాడు. ఫిర్యాదు నంబర్ అడిగి రాసి పెట్టుకోండి.

బడిలో చేయించవచ్చా?

తప్పకుండా. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న పాఠశాలల్లో ఈ సామగ్రి సాధారణంగా ఉంటుంది. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఆరు నుంచి 12వ తరగతి విద్యార్థుల కోసం వీటిని ఏర్పాటు చేయించింది. ల్యాబ్ లేని బడిలోనూ ఒక ఉపాధ్యాయుడు, నాలుగైదు సెట్ల సామగ్రి ఉంటే తరగతి మొత్తం చేయొచ్చు.

ప్రయోగం అయ్యాక పిల్లలను జట్లుగా చేసి ఒక ఉదయం 9 గంటలకు ఊరి వీధి దీపాలను లెక్కపెట్టించండి. ఎన్ని వెలుగుతున్నాయి, ఒంటరిగానా, వరుసగానా రాయించండి. సైన్స్ ఫెయిర్‌కు ఇది మంచి ప్రాజెక్టు. పంచాయతీకి ఇవ్వడానికి పనికొచ్చే జాబితా కూడా.

ఈ జాగ్రత్తలు మరవద్దు

• ప్రయోగం బ్యాటరీతోనే చేయండి. ఇంటి ప్లగ్గులోని 230 వోల్టులకు ఈ సర్క్యూట్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు.

• వీధి దీపం సెన్సర్ పోయిందని తెలిసినా స్తంభం ఎక్కొద్దు, కర్రతో కొమ్మ తప్పించబోవద్దు, ప్యానెల్ బాక్స్ తెరవొద్దు. తడిసిన స్తంభాన్ని తాకొద్దు. లోపం కనిపెట్టడం వరకే మన పని, సరిచేయడం లైన్‌మన్ పని.

• బ్యాటరీ ప్లస్, మైనస్‌లను నేరుగా కలపొద్దు. వేడెక్కుతుంది. చిన్నపిల్లలకు విడిభాగాలు అందకుండా ఉంచండి.

• ఎల్‌డీఆర్‌లో క్యాడ్మియం ఉంటుంది. పగలగొట్టొద్దు, కాల్చొద్దు. పాడైతే చెత్తబుట్టలో కాకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.